శామీర్‌పేట ఫోనులో ఎవరి ప్రోగ్రాము?

పోయిన వారం జాస్మిన్‌ని మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే షేర్ ఆటోలో, ఒళ్ళో ల్యాప్‌టాప్ బ్యాగుతో వదిలిపెట్టాం. ఆమె ఎందుకు బయల్దేరిందో మరిచిపోయినవాళ్ళకూ, ఈ వారమే కథ అందుకున్నవాళ్ళకూ నాలుగు మాటలు.

సుచిత్ర చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం మీద ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. జాస్మిన్ మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. ఆస్పత్రుల్లోని కంప్యూటర్ల కోసం ఆ కంపెనీ జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక సర్వీసు ఫ్రేమ్‌వర్క్ తయారుచేసింది. పిల్లల పేర్లు దాచే ముక్క ఒకటి, టీకా తేదీలు గుర్తుచేసే ముక్క ఒకటి, వివరాలు పై ఆఫీసుకు పంపే ముక్క ఒకటి, ఇలా మొత్తం పద్నాలుగు. ఏ ముక్కకు ఏది అవసరమో చూసి కలిపే పని ఫ్రేమ్‌వర్క్‌ది, కూలీల అడ్డా మీద మేస్త్రీ లాగా. దాన్ని కొత్తగా వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలోకి దించి, పల్లెల్లో టీకాలు వేసే ఏఎన్ఎంల చేతికివ్వాలని వాళ్ళ ప్రయత్నం.

శామీర్‌పేట చుట్టుపక్కల పదిమందికి పది ఫోన్లిచ్చారు. మొదటి వారమే అవి ఎక్కడపడితే అక్కడ ఆగిపోవడం మొదలెట్టాయి. తర్వాత ఆగస్టులో మూడు వారాలు ఏ ఫిర్యాదూ రాలేదు. అందరూ స్వైన్ ఫ్లూ సర్వేలో పడి ఫోన్లు ముట్టుకోలేదేమో అనుకుంది జాస్మిన్. ఈలోపు ఒక మరమ్మతు తయారుచేసి, నెలాఖరు మీటింగులో తొమ్మిది ఫోన్లలోకి తన చేత్తోనే ఎక్కించింది. పదో ఫోను జంగమ్మ అనే ఏఎన్ఎంది. ఆమె ఆ రోజు కాన్పు కేసు పట్టుకుని పట్నం పోయింది. మరమ్మతు చేసిన తొమ్మిదీ మర్నాడే మొండికేశాయి. ఒక ఊళ్ళో అయితే పంతొమ్మిది మంది పిల్లల పేర్లు ఫోనులోనే మాయమైపోయాయి. మరమ్మతు ముఖమే చూడని జంగమ్మ ఫోను మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

సోమవారం అధికారులు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే జిల్లా అంతటికీ ఫోన్లు. నచ్చకపోతే ఈ పనీ మూత, ఈ పని చేస్తున్నవాళ్ళ కుర్చీలూ ఖాళీ. టీమ్ లీడర్ ఫణిభూషణ్ జాస్మిన్‌ని పిలిచి, "ఆ ఒక్కటీ ఎందుకు పనిచేస్తుందో కనుక్కోండి. ఫోను తీసుకునే రండి," అన్నాడు. తొమ్మిది ఎందుకు చెడ్డాయని అడిగితే ఏదో ఒకటి చెప్పగలదు. ఒకటి ఎందుకు బాగుందంటే మాత్రం ఆమె దగ్గర జవాబు లేదు.

*

జంగమ్మ పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రం అంటే రెండు గదుల రేకుల ఇల్లు. బుధవారం, టీకాల రోజు. ముసురు పట్టిన ఆకాశం కింద, వరండాలో పాతికమంది తల్లులు పిల్లల్ని భుజాన వేసుకుని కూర్చున్నారు. ఒక మూల ఐస్ డబ్బా, దాని పక్కన బల్ల, బల్ల వెనక జంగమ్మ. నలభై ఐదేళ్ళ మనిషి. తెల్లచీర కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో సూది సిద్ధం చేస్తూ ఇంకో చేతి బొటనవేలితో ఫోను నొక్కుతోంది.

జాస్మిన్ తానెవరో చెప్పి, ఫోను కోసం వచ్చానంది. జంగమ్మ తలెత్తకుండానే, పని అయ్యేదాకా ఇచ్చేది లేదంది. ఆఫీసులో అవసరమని జాస్మిన్ నసిగింది.

"బిడ్డా, పోయిన నెల మా తోటిదానికి గీ ఫోనే మోసం జేసింది. పందొమ్మిది మంది పోరల పేర్లు మింగింది. ఇల్లిల్లు తిరిగి మల్ల రాసుకున్నది. నాది నడుస్తాంది. నడిసేదాన్ని నీకిచ్చి నేనేం జేయాలె?"

జాస్మిన్ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. గంటన్నర సేపు అట్లా చూస్తూనే ఉంది. ఒక్కొక్క తల్లీ వస్తోంది, జంగమ్మ పేరు నొక్కుతోంది, ఏ టీకా బాకీ ఉందో ఫోను చెబుతోంది. మధ్యలో సిద్దమ్మ అనే తల్లి, తన బిడ్డకు మూడో సూది ఎప్పుడో వేశారని, అనవసరంగా ఏడిపించొద్దని వాదించింది. ఫోను పడలేదంది. జంగమ్మ పాత కార్డు తెప్పించి చూస్తే ఫోనే నిజం. బిడ్డ కెవ్వుమంది, సిద్దమ్మ గొణుక్కుంటూ పోయింది.

జాస్మిన్ కళ్ళు మాత్రం ఫోను మీద నుంచి కదల్లేదు. ఇదుగో ఇప్పుడు ఆగుతుంది, ఇదుగో ఇప్పుడు, అని ఎదురుచూసింది. జంగమ్మ ఫోను పక్కన పెట్టేసి పావుగంట మర్చిపోయింది. ఆఫీసులో జాస్మిన్ పరీక్షకు పెట్టుకున్న ఫోను సరిగ్గా ఇక్కడే చచ్చేది. చచ్చేముందు తెర మీద ఒక మాట చూపించేది. ఆ మాట ఆమెకు కంఠతా వచ్చు. పిల్లల పేర్లు దాచే ముక్క, అంటే రికార్డు సర్వీసు, దాన్ని రికార్డు సర్వీసుగా ఒప్పుకోలేను, అని దాని అర్థం. ఒకే పేరు, ఒకే వస్తువు, అది అది కాదట. పదిహేను రోజులుగా ఆ వాక్యాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. చదివినకొద్దీ తనకు తెలుగూ ఇంగ్లీషూ రెండూ రావేమో అనిపించేది.

జంగమ్మ ఫోను తీసింది. అది మేల్కొంది. ఎక్కడ ఆపారో అక్కడి నుంచే సాగింది.

పన్నెండున్నరకు ఆఖరి తల్లి వెళ్ళాక, జంగమ్మ చేతులు కడుక్కుని, చూసుకొమ్మని ఫోను ఇచ్చింది. తీసుకుపోవడానికి కాదు, ఇక్కడే తన కళ్ళెదుట. జాస్మిన్ ల్యాప్‌టాప్ తెరిచి వైరు తగిలించింది.

తెర మీద వెర్షన్ నంబరు తాను మొదట వేసిందే. ఒక్క చుక్క తేడా లేదు. కాని లోపలికి వెళ్ళి ఫైలు పరిమాణం చూసింది. తన ప్రోగ్రాములో మూడో వంతు కూడా లేదది. పద్నాలుగు ముక్కలుండాల్సిన చోట ఆరే ఉన్నాయి. తాను రాత్రీ పగలూ కూర్చుని దించిన ఎనిమిది ముక్కలు మచ్చుకైనా లేవు. తన కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని వైరు తీసి మళ్ళీ పెట్టింది. ఆరే. అవి కూడా తన చేతిరాత కాదు. ప్రోగ్రాములో చేతిరాత ఏమిటంటారేమో. వంట రుచి చూసి ఎవరి చెయ్యో చెప్పినట్టే, పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్ళకు అదీ తెలుస్తుంది. పేర్లు పొట్టిగా పెట్టడం, అక్కర్లేనిది ఒక్క గీతైనా ఉంచకపోవడం, ఇదంతా ఆమె ఎరిగిన అలవాటే. అయినా ఆ మనిషి మూడు నెలల కిందటే కంపెనీ వదిలి పోయాడు.

"అక్కా, ఈ ఫోను ఎవరికన్నా ఇచ్చినవా?" అంది.

జంగమ్మ ఐస్ డబ్బా మూత బిగించింది. ఎవరికీ ఇయ్యలేదంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం గోడవైపుంది. జాస్మిన్ మళ్ళీ అడిగింది. ఇది తప్పు పట్టడానికి కాదనీ, తొమ్మిదిమంది ఫోన్లు బాగుపడాలంటే తెలియాలనీ బతిమాలింది. చివరికి జంగమ్మ విసుగ్గా ఇటు తిరిగింది.

"నన్నెందుకు అడుగుతవ్? పంపింది నువ్వేనంట గద."

జాస్మిన్‌కి అర్థం కాలేదు. జంగమ్మ అప్పుడు విడమర్చి చెప్పింది. ఆగస్టు మొదట్లో ఒకతను వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, అద్దాలు పెట్టుకుని ఉన్నాడు. కంపెనీ నుంచి వచ్చాననీ, జాస్మిన్ మేడం పంపిందనీ అన్నాడు. ఇదే మెట్ల మీద గంటసేపు కూర్చుని ఫోను బాగుచేసి ఇచ్చాడు. మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. పోతూ పోతూ, ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియొద్దని, తెలిస్తే మేడం ఉద్యోగానికి ఇబ్బందని ఒట్టు వేయించుకున్నాడు.

"నీ నౌకరి కోసమే నోరు మూసుకున్న. ఇప్పుడు నువ్వే అచ్చి ఎవరని అడగవడితివి," అంది జంగమ్మ.

బ్యాగులో సెల్లు మోగింది. ఫణిభూషణ్. ఫోను చేతికొచ్చిందా అని అడిగాడు. ఇంకా రాలేదని చెప్పింది జాస్మిన్. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. ఆ క్షణంలో ఏది నిజమో తేలక నోటికి వచ్చింది అదే.

*

ఆ మనిషి ఎడ్వర్డ్. మేడ్చల్ చర్చిలో ఇద్దరూ ఒకే సండే స్కూల్లో కూర్చున్నవాళ్ళు. కాలేజీలో అతను ఏడాది పెద్ద, కంపెనీలోనూ అంతే. ఫ్రేమ్‌వర్కుని ఫోనులోకి దించే పని మొదట అతనిదే. పద్నాలుగు ముక్కల్నీ ఫోను మొయ్యలేదని, ఆరింటితో కొత్తగా ఒకటి రాసి, దాంతోనే సరిపెడదామని అతను పట్టుబట్టాడు. ఆస్పత్రుల్లో ఉన్న సరుకే ఫోనులోనూ ఉందని కొనేవాళ్ళకు చెప్పాలి గనుక మొత్తం దించాల్సిందేనని ఫణిభూషణ్ పట్టుబట్టాడు. జూన్‌లో ఒక మీటింగులో మాటా మాటా పెరిగి, ఫణిభూషణ్ జాస్మిన్ వైపు తిరిగి, "మీరేమంటారండీ?" అన్నాడు. ఎడ్వర్డ్ చెప్పింది నిజమేనేమోనని ఆమెకు లోపల అనిపిస్తూనే ఉంది. సార్ చెప్పినట్టే చేద్దాం అంది. ఎడ్వర్డ్ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాడు. ఆదివారాలు చర్చిలో అతను ముందు బెంచీ వదిలి వెనక్కి పోయాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడతను మేడ్చల్ బస్ డిపో ఎదురుగా తన బావ నడిపే నెట్ సెంటర్లో కూర్చుంటున్నాడు.

షేర్ ఆటోలో వెనక్కి వస్తూ జాస్మిన్ ఎన్ని రకాలుగా పేర్చి చూసినా ఏదో ఒకటి మిగిలిపోతోంది. అతను పగతో చేశాడందామా, అతను ముట్టుకున్న ఫోనే బాగా నడుస్తోంది. మేలు చేశాడందామా, తన పేరు ఎందుకు వాడుకున్నట్టు? పది ఊళ్ళలో జంగమ్మ ఒక్కదాన్నే ఎందుకు వెతుక్కుంటూ పోయాడు? అసలు ఆ ఊరని ఎట్లా తెలిసింది?

నెట్ సెంటర్లో మధ్యాహ్నం పూట ఇద్దరే ఉన్నారు, హాల్‌టికెట్ ప్రింటు కోసం వచ్చిన విద్యార్థులు. ఎడ్వర్డ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత ఎందుకు లేచాడో తెలియనట్టు కూర్చున్నాడు. పక్క కుర్చీ చూపించాడు.

ఆమె కూర్చోలేదు. శామీర్‌పేట ఫోనులో ఉన్నది నీదేనా అని అడిగేసింది. అవునన్నాడు. ఆ ఒక్క ఫోనులోనే ఎందుకు వేశావని అడిగింది. ఎడ్వర్డ్ ముఖంలోకి అయోమయం అప్పుడు వచ్చింది.

"ఒక్కటేంది? పదిట్లల్ల వేసిన. మూడు రోజులు మా బావ బండి మీద తిరిగిన, వానల."

జాస్మిన్ అతను చూపించిన కుర్చీలో కూర్చుంది.

పదింటిలో వేశాడు. అందరి చేతా అదే ఒట్టు వేయించుకుని ఉంటాడు. ఆ మూడు వారాలు ఫిర్యాదు రాకపోవడానికి సర్వే కారణం కాదు. ఫోన్లు నిజంగానే బాగున్నాయి. నెలాఖరున మీటింగులో తొమ్మిదిమందిని వరసగా నిలబెట్టి, నడుస్తున్న ప్రోగ్రామును తీసేసి, నడవనిది ఎక్కించింది తానే. ఫోను ఇస్తూ ఒకామె, ఇప్పుడు మంచిగనే ఉంది మేడం అని కూడా అంది. ఇంకా మంచిగా అవుతుందని ఆమెకు నచ్చజెప్పింది కూడా తానే. ఆ పంతొమ్మిది మంది పిల్లల పేర్లు మింగింది ఫోను కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చెడగొట్టిందెవరో తెలుసుకోవడానికి పొద్దుటి నుంచి తాను ఊళ్ళు తిరుగుతోంది.

అదంతా ఎడ్వర్డ్‌కి చెప్పింది. అతను వింటూ ఒక్క దెప్పుమాట అనలేదు. నీ మరమ్మతులో ఏం చేశావని మాత్రం అడిగాడు. ముక్కలు ఒకదాని నుంచి ఒకటి తప్పిపోతున్నాయని, అవి ఒకదాన్నొకటి వదలకుండా గట్టిగా పట్టుకునేట్టు చేశానంది. అతను తల ఊపాడు.

"అక్కడ్నే దెబ్బ తిన్నవ్. ఫోనుల జాగా సాలకపోతే ఫ్రేమ్‌వర్క్ ఒక ముక్కను దించేస్తది. మల్ల కావాలంటే కొత్తగ ఎక్కిస్తది. పేరొకటే, మనిషి వేరు. మిగతయి పాతోని చెయ్యి వట్టుకొని కూసుంటయి. కొత్తోడు అచ్చి నేనే అంటే, నువ్వు కాదు పో అంటయి. నువ్వేమో ఆ చెయ్యి ఇంక గట్టిగ వట్టుకోమన్నవ్."

"నీ దాంట్ల?"

"నా దాంట్ల ఎవరు ఎవర్ని వట్టుకోరు. పని వడ్డప్పుడల్ల మేస్త్రీని అడగాలె. గప్పుడు ఎవడుంటె వాడే."

పదిహేను రోజులు కంఠతా పెట్టిన వాక్యం ఒక్కసారిగా అర్థమైపోయింది. రికార్డు సర్వీసు రికార్డు సర్వీసు కాదు. ఔను, కాదు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. అంతే. ఇంత చిన్న సంగతి. జూన్‌లో ఆ గదిలో ఇతను చెప్పబోతుంటే అందరూ కలిసి నోరు మూయించిన సంగతి ఇదే. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు మండాయి.

ఒక చిక్కు వీడింది. రెండోది ఇంకా మెడకు చుట్టుకునే ఉంది. నా పేరు చెప్పుకుని ఎందుకు తిరిగావని అడిగింది. అడిగేటప్పుడు ఆమె గొంతులో నిందేమీ లేదు. అయినా ఎడ్వర్డ్ ముఖం మాడిపోయింది.

"ఇగ నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు జాస్మిన్," అన్నాడు. "రమ్మని రాసింది నువ్వేనాయె."

పక్కనున్న కంప్యూటర్ ముందుకు జరిగి, తన మెయిలు తెరిచాడు. ఆగస్టు మూడో తారీకు, పొద్దున పదకొండు ఇరవై. పంపినవాళ్ళ చోట జాస్మిన్ పేరు, జాస్మిన్ ఆఫీసు ఐడీ. కింద పదిమంది ఏఎన్ఎంల పేర్లు, ఊళ్ళు, వాళ్ళ ఫోన్ నంబర్లు. ఆ పట్టిక తన దగ్గరా, ఫణిభూషణ్ దగ్గరా తప్ప ఇంకెక్కడా లేదని ఆమెకు తెలుసు. ఎడ్వర్డ్ రాసిన పాత ప్రోగ్రాము ఆఫీసులో చెరిపేశారనీ, అతని దగ్గర ఉంటే ఎవరికీ తెలియకుండా ఫోన్లలో వేసి పిల్లల టీకాలు కాపాడమనీ అందులో ఉంది. దాని పైన నాలుగు వరసలున్నాయి.

జాస్మిన్ ఆ నాలుగు వరసలూ చదివింది. మీటింగులో నీ వైపు మాట్లాడకపోవడం నా పిరికితనం అని ఉంది. నువ్వు చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు అని ఉంది. ఆదివారాలు వెనక్కి తిరిగి చూద్దామనుకుంటాను, ధైర్యం చాలదు అని ఉంది. క్షమించు అని ఉంది.

మూడు నెలలుగా ఆమె మనసులో ఉన్నది సరిగ్గా ఇదే. ఎవరితోనూ అనలేదు. ఇంట్లో అమ్మతో అనలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు. ఆగస్టు మూడు సోమవారం. ఆ రోజు ఆమె ఆఫీసులోనే లేదు. అవ్వ కంటి ఆపరేషన్ కోసం సెలవు పెట్టి పొద్దంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంది. ఆ ఉత్తరం ఆమె రాయలేదు. రాసినవాళ్ళకు ఆమె లోపల ఏముందో ఆమె కంటే బాగా తెలుసు.

ఎడ్వర్డ్ తెర వైపే చూస్తూ మెల్లగా మాట్లాడాడు. మొదట పోవద్దనే అనుకున్నాడట. ఫోన్ల కోసమైతే పోయేవాడు కాదట. "గా పైన నాలుగు ముక్కల కోసం పోయిన. పని అయినంక నువ్వు ఒక్క ఫోనన్న జేస్తవనుకున్న. చర్చిల కూడ అట్లనే ముందుకు జూసుకుంట కూసుంటివి. సరే, ఆఫీసోళ్ళకు అనుమానం రావొద్దని గట్ల ఉన్నవనుకొని ఊకున్న."

విద్యార్థులు ప్రింటు తీసుకుని వెళ్ళిపోయారు. జాస్మిన్ ముందు రెండు దారులున్నాయి. ఊరుకుంటే చాలు. మూడు నెలల భారం దిగిపోతుంది. అడగాల్సిన క్షమాపణ అడిగేసినట్టే, అతను ఒప్పుకున్నట్టే. ఆ ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు, చేవ్రాలు తప్ప. జూన్‌లో కూడా ఊరుకోవడమే సులువుగా తోచిందని ఆమెకు గుర్తుకొచ్చింది.

"ఎడ్వర్డ్, గిది నేను రాయలే," అంది. "నేను రాయాల్సిందే. కాని రాయలే."

అద్దాలు తీసి చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. ఆమె అనుకున్న ఏ మాటా కాకుండా, వేరే మాట అడిగాడు.

"మరి పొద్దుగాల్ల పంపింది?"

"పొద్దుగాల్ల ఏంది?"

అతను మెయిల్లో కిందికి కాదు, పైకి జరిపాడు. అన్నిటికంటే పైన, ఇవాళ్టి తారీకుతో ఇంకో ఉత్తరముంది. పంపినవాళ్ళ చోట మళ్ళీ జాస్మిన్ పేరే. తొమ్మిది గంటల పది నిమిషాలు. ఆ వేళకు ఆమె శామీర్‌పేట ఆటోలో, ల్యాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

అందులో రెండే వరసలు. సోమవారం పదకొండింటికి, అధికారులు వచ్చే వేళకు, ఆఫీసుకు రా. నీ ప్రోగ్రాము మొత్తం తీసుకుని రా, ఒక్క కాపీ కూడా వెనక ఉంచకు.

ఆ ఉత్తరం కింద ఎడ్వర్డ్ జవాబు కనబడుతోంది. వస్తున్నానని రాశాడు. ఆ జవాబు అవతల ఎవరికో చేరినట్టుంది. వాళ్ళు తిరిగి పంపిన ఒక్క మాట, ఇద్దరూ చూస్తుండగానే, తెర మీద అన్నిటికంటే పై వరసలోకి వచ్చి కూర్చుంది. పంపినవాళ్ళ చోట ఈసారీ జాస్మిన్ పేరే.

'జాస్మిన్ నీ దగ్గరికి వచ్చిందా?'